పటమట డాబా మీద నుంచి గెలాక్సీలు, నీహారికలు: స్థిరమైన గది కట్టుకోవచ్చా?

పటమట డాబా (విజయవాడ):

అందరికీ నమస్కారం. పటమటలో మాది మూడంతస్తుల ఇల్లు. నా దగ్గర 80 మిల్లీమీటర్ల టెలిస్కోపు, దానికి తగిలించే మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరా, నక్షత్రాల వెంట తిరిగే ఈక్వటోరియల్ మౌంట్ ఉన్నాయి. రెండు శీతాకాలాలుగా వీటిని సాయంత్రం డాబా మీదకు మోసుకెళ్లి, తెల్లవారుజామున మళ్లీ కిందికి దించుకుంటున్నాను. ఓరియన్ నీహారిక నడిభాగం చూడముచ్చటగా వచ్చింది. ఆండ్రోమెడా గెలాక్సీ విషయంలో మాత్రం మూడు గంటల ఎక్స్‌పోజర్లను కలిపినా నడుమనున్న కాంతిముద్ద తప్ప చుట్టూ ఉండే చేతులు కనిపించలేదు. కప్పు పక్కకు జరిగే చిన్న గదిని డాబా మీదే కట్టుకుంటే ఈ మోత తప్పుతుంది. అయితే ఈ వీధిదీపాల మధ్య అంత ఖర్చు పెట్టడం సబబేనా, లోపం నా పరికరాలదా, ఆకాశానిదా అన్నది అనుభవజ్ఞులు చెప్పగలరని కోరుతున్నాను.

బ్రాడీపేట ఆకాశం (గుంటూరు):

లోపం చాలావరకు ఆకాశానిదేనండీ, కొంత మాత్రం కెమెరాది. ముందుగా ఆకాశం సంగతి చెబుతాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మా గుంటూరుకు వచ్చారు. గుంటూరువాళ్లం ఆ గ్రహణాన్ని హీలియం వాయువు జాడ దొరికిన గ్రహణంగా తలచుకుంటాం గానీ, మీ ప్రశ్నకు జవాబు ఆ మరునాడు జరిగినదానిలో ఉంది. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతి కొన్ని సన్నని గీతలుగా మాత్రమే ఉందని గ్రహణ సమయంలో గమనించిన ఆయన, గ్రహణం లేని మరుసటి రోజు పట్టపగలే, కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినితో వాటిని మళ్లీ చూడగలిగారు. ఆకాశపు వెలుగు అన్ని రంగులలోకీ పరచుకుని పలచబడుతుంది, హైడ్రోజన్ గీత మాత్రం తన చోటనే గాఢంగా నిలుస్తుంది.

నగరంలో నీహారికలను పట్టే నారోబ్యాండ్ ఫిల్టర్ చేసే పనీ ఇదే. నీహారికలోని హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎర్రగా, ఆక్సిజన్ 500.7 దగ్గర నీలి ఆకుపచ్చగా వెలుగుతాయి. ఆ రెండు సన్నని కిటికీలను మాత్రమే తెరిచి ఉంచే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ పెడితే వీధిదీపాల కాంతిలో అత్యధిక భాగం బయటే ఆగిపోతుంది, వెన్నెల రాత్రులు కూడా వృథా కావు. కాకపోతే మామూలు డీఎస్ఎల్ఆర్ సెన్సరు ముందు కంపెనీవారు అమర్చే ఫిల్టర్ ఆ 656 ఎరుపునే చాలావరకు ఆపేస్తుంది కనుక, దాన్ని తీయించడమో, ఖగోళ కెమెరా కొనుక్కోవడమో తప్పదు. ఆ తరువాత జనవరి, ఫిబ్రవరి నెలల్లో రోజెట్ నీహారికను ప్రయత్నించండి. మన అక్షాంశంలో అది దాదాపు నడినెత్తికి వస్తుంది, పున్నమి చంద్రుడికి రెండింతలకు పైగా వెడల్పుంటుంది, మీ 80 మిల్లీమీటర్ల గొట్టానికి సరిగ్గా సరిపోతుంది.

గెలాక్సీలకు ఈ ఉపాయం పనిచేయదు. వాటి కాంతి కోట్లాది నక్షత్రాల కాంతి, అన్ని రంగులలోకీ పరచుకున్నదే. తెల్లని ఎల్ఈడీ దీపాల కాంతి కూడా అలాంటిదే అయినప్పుడు ఏ ఫిల్టరూ రెంటినీ విడదీయలేదు. పాత సోడియం దీపాల కాలంలో వాటి పసుపు కాంతి ఉండే 589 నానోమీటర్ల చుట్టుపక్కల కోసేస్తే కొంత ఫలితం ఉండేది. కృత్తికల చుట్టూ ఉన్న నీలి నీహారికదీ ఇదే ఇబ్బంది, ఎందుకంటే అది నక్షత్రాల వెలుగును ప్రతిఫలిస్తుందే తప్ప తానుగా వెలగదు.

లెక్క చూడండి. ఆకాశపు వెలుగును చదరపు ఆర్క్‌సెకనుకు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) ఇన్ని మాగ్నిట్యూడ్లని కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. నగరం నడిబొడ్డున ఆ నేపథ్యం 18 దగ్గర, మంచి చీకటి పల్లెలో 21.5 దగ్గర ఉందనుకుంటే, మన ఆకాశం 25 రెట్లు ప్రకాశవంతం. మసక వస్తువులకు అదే నాణ్యత రావాలంటే 25 రెట్లు సమయం పెట్టాలి. అంటే ఆండ్రోమెడా మీద మీరు వెచ్చించిన మూడు గంటలు అక్కడ ఏడెనిమిది నిమిషాలతో సమానం. అందువల్ల నీహారికల కోసం గది కట్టండి, గెలాక్సీల కోసం అమావాస్య రాత్రులలో మాచర్ల వైపు తెలిసినవారి పొలానికి వెళ్లండి. నల్లమల పులుల అభయారణ్యంలో రాత్రిపూట ఆగనివ్వరు కనుక అడవి బయటే చోటు చూసుకోవాలి. ఫాల్గుణ, చైత్ర మాసాల్లో కన్యారాశిలోని గెలాక్సీల గుంపు నడిరాత్రికి మన నెత్తి మీదకే వస్తుంది.

గుణదల రాత్రులు (విజయవాడ):

పై సమాధానంతో ఏకీభవిస్తూ గది గురించి మాత్రమే రాస్తున్నాను. మౌంటును సరిగ్గా నిలపడానికి ధ్రువ నక్షత్రాన్ని గురిచూస్తాం కదా, మన దగ్గర అది పదహారున్నర డిగ్రీల ఎత్తునే ఉంటుంది. ఉత్తరాన పాతిక మీటర్ల దూరంలోని భవనం మీ మౌంట్ కంటే ఏడున్నర మీటర్లు ఎత్తుంటే చాలు, అది కనిపించదు. కనిపించకపోయినా ఫొటోలోని నక్షత్రాలను గుర్తుపట్టి మౌంటును సరిచేయించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కాబట్టి నిరాశ పడనక్కరలేదు. అయితే కొన్ని మౌంట్లు అంత తక్కువ అక్షాంశానికి వంచితే బరువుల కడ్డీ స్టాండు కాలికి తగులుతుంది, గదిలో నిలువు స్తంభం కట్టుకుంటే ఆ చిక్కు కూడా పోతుంది.

ఆ స్తంభాన్ని స్లాబు నడుమ ఎట్టి పరిస్థితిలోనూ కట్టవద్దు. ఇంటి పిల్లరు సరిగ్గా ఎక్కడ పైకి వచ్చిందో అక్కడే లేపండి. నేను మొదటిసారి స్లాబు నడుమ కట్టి, పక్కన నాలుగడుగులు వేసినప్పుడల్లా నక్షత్రాలు గీతలుగా సాగడం చూసి, ఏడాది తరువాత పగలగొట్టించాను. రేకుల కప్పుకు లోపల థర్మోకోల్, పైన తెల్లరంగు తప్పనిసరి. వేసవిలో స్లాబు అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతుంది, ఆ సెగకు నక్షత్రాలు కదిలిపోతాయి. కెమెరా సెన్సరులో వేడి వల్ల పుట్టి ఫొటోను చుక్కలతో పాడుచేసే దొంగ సంకేతం (డార్క్ కరెంట్) ప్రతి ఆరు డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుంది కాబట్టి, మన ఊళ్లో చల్లబరిచే కెమెరా విలాసం కాదు.

కృష్ణా కాలువల తేమకు శీతాకాలంలో అద్దం మీద మంచు పట్టకుండా వేడి పట్టీ చుట్టండి. వానాకాలంలో టెలిస్కోపును సిలికా జెల్ వేసిన పెట్టెలో దాచండి, లేదంటే అద్దానికి బూజు పడుతుంది. తుఫాను రోజుల కోసం కప్పును గోడకు బిగించే ఇనుప కొక్కేలు నాలుగు మూలలా ఉండాలి.

పటమట డాబా (విజయవాడ):

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈ సాయంత్రం ఉత్తరం వైపు అపార్టుమెంటు కోణం కొలిచాను, 21 డిగ్రీలు వచ్చింది, కనుక ధ్రువ నక్షత్రం మీద ఆశ వదులుకున్నాను. ఈశాన్య మూల పిల్లరు మీద స్తంభానికి మేస్త్రీతో మాట్లాడాను. ముందు ఫిల్టర్ కొని, కెమెరా మార్పించి, ఈ శీతాకాలమంతా మోసుకుంటూనే రోజెట్ మీద పది గంటలు పోగుచేస్తాను. అది సంతృప్తికరంగా వస్తే సంక్రాంతి తరువాత గది పని మొదలుపెడతాను.