లినక్స్‌లో కొత్తవాళ్లకి ముందు ఏది చూపించాలి: సాఫ్ట్‌వేర్ మేనేజరా, టెర్మినలా?

గుణుపురం_జిరాక్స్:
అందరికీ నమస్కారం. మాది గుణుపురంలో చిన్న జిరాక్స్ షాపు. ఒడియాలో దరఖాస్తులు, తెలుగులో పెళ్లి కార్డులు, రెండు భాషల్లోనూ టైపింగ్ చేస్తాం. పాత డెస్క్‌టాప్, 4 జీబీ ర్యామ్. మా మేనల్లుడు దాంట్లో లినక్స్ మింట్ 22 అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు. బొమ్మలు, కార్డులు గీసే ఇంక్‌స్కేప్, ఫొటోలు దిద్దే గింప్, తెలుగు ఒడియా ఫాంట్లు కావాలి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఇన్‌స్టాల్ నొక్కితే కొంచెం కదిలి ఎర్రర్ అని ఆగిపోతోంది. నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే, రోజుకి ఒకటిన్నర జీబీ. షాపులో పనిచేసే కుర్రాడు ఏదో వీడియో చూసి కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో, పీపీఏ అనే బయటివాళ్ల సాఫ్ట్‌వేర్ చోటుని కలిపే లైను ఒకటి అతికించాడు, అప్పట్నుంచి అప్‌డేట్ కొడితే ఎర్రర్లు ఇంకా ఎక్కువ వస్తున్నాయి. ఒకరేమో టెర్మినల్ నేర్చుకో అంటారు, ఇంకొకరు సిస్టమ్‌తో కలవకుండా విడిగా వచ్చే ఫ్లాట్‌ప్యాక్ అప్లికేషన్లు పెట్టుకో, ఆ నల్లతెర జోలికి పోకు అంటారు. కంప్యూటర్ చదువు లేని నాలాంటి వాడికి ఏది చెప్తారు?

రాయగడ_టెర్మినల్:
టెర్మినలే. సందేహం లేదు. సాఫ్ట్‌వేర్ మేనేజర్ ‘ఎర్రర్’ అని ఊరుకుంటే మీకూ తెలీదు, సాయం చేద్దామనుకున్న మాకూ తెలీదు. టెర్మినల్ తెరిచి ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ కొట్టండి, ఏం తేడా వచ్చిందో అక్కడే పూర్తి వాక్యంలో చెప్తుంది. ఆ వాక్యం ఇక్కడ పెట్టండి. దాని వెనక ప్యాకేజీలు, అంటే సాఫ్ట్‌వేర్ మూటలు, వేసే డీపీకేజీ అనే పనిముట్టు 1990ల నుంచి ఉబుంటు, మింట్‌లకి మూలమైన డెబియన్‌లో నడుస్తోంది, ఆ ప్యాకేజీలు నెట్ నుంచి తెచ్చే ఆప్ట్ కూడా అదే దశాబ్దంలో దాని మీద కట్టారు. ఇన్నేళ్లుగా జనం అన్ని రకాల తప్పులూ చూసి రాసిన ఎర్రర్ మెసేజ్‌లు అవి. ఫ్లాట్‌ప్యాక్ మాత్రం వద్దు. ఒక్క అప్లికేషన్ కోసం వందల ఎంబీల రన్‌టైమ్, అంటే అది నడవడానికి కావలసిన తోడు ఫైళ్లు, దింపుతుంది, మీ ఒకటిన్నర జీబీ పొద్దున్నే అయిపోతుంది.

సిరొంచ_ప్రాణహిత:
అన్నా, కొంచెం ఆగు. ఆయన కంప్యూటర్ పాడైందే టెర్మినల్‌లో అతికించిన లైనుతో. కొత్తవాళ్లకి టెర్మినల్ చూపించడం అంటే జరిగేది ఇదే, వాళ్లు కమాండ్ నేర్చుకోరు, ఎవడో ఎప్పుడో రాసిన లైను పాస్‌వర్డ్ కొట్టి మరీ నడుపుతారు. సుడో అని ముందు ఉన్నదంటే మొత్తం సిస్టమ్ తాళాలు ఇచ్చినట్టే. సిరొంచలో మా దగ్గర పిల్లలకి కంప్యూటర్లు సిద్ధం చేసేటప్పుడు నేను సాఫ్ట్‌వేర్ మేనేజర్, ఫ్లాట్‌ప్యాక్ మాత్రమే చూపిస్తా. ఫ్లాట్‌ప్యాక్ అప్లికేషన్ చెడిపోతే అదొక్కటే చెడిపోతుంది, కింద ఉన్న సిస్టమ్ అలాగే నిలబడుతుంది. ఇంకో మాట, గింప్ 3.0 వచ్చింది 2025 మార్చిలో. మింట్ 22 కింద ఉన్నది ఉబుంటు 24.04 అనే ఇంకో లినక్స్, దాని రిపాజిటరీలో, అంటే ప్యాకేజీల గోదాములో, గింప్ ఇంకా 2.10 దగ్గరే ఉంది. పెళ్లి కార్డులు చేసే మనిషికి కొత్తది కావాలంటే పీపీఏ పెట్టమంటారా? ఫ్లాట్‌ప్యాక్ కన్నా అదే ప్రమాదం కదా. రన్‌టైమ్ పెద్దదే, కాదనను, కానీ అది మొదటిసారే. అదే రన్‌టైమ్ అడిగే రెండో అప్లికేషన్‌కి మళ్లీ దిగదు. అప్‌డేట్లలో కూడా మారిన ముక్కలే దిగుతాయి. ఆప్ట్ అయితే చిన్న మార్పుకి కూడా ప్యాకేజీ మొత్తం మళ్లీ తెస్తుంది.

గుణుపురం_జిరాక్స్:
రాయగడ అన్నగారు చెప్పినట్టు కొట్టాను. చాలా లైన్లు వచ్చాయి. నాకు అర్థమైనంతలో మూడు రకాలు. ఒకటి ‘రిలీజ్ ఫైల్ ఈజ్ నాట్ వాలిడ్ యెట్’, ఇది చాలాసార్లు ఉంది. రెండోది పీపీఏ పేరు పక్కన ‘డజ్ నాట్ హ్యావ్ ఎ రిలీజ్ ఫైల్’. మూడోది ఒక్కోసారి ‘కుడ్ నాట్ గెట్ లాక్’ అంటుంది, ఒక్కోసారి అనదు. బ్రౌజర్‌లో కూడా కొన్ని సైట్లు గడియారం సరిగా లేదని చెప్పి తెరుచుకోవడం లేదు.

జయపురం_విద్యార్థి:
లాక్ ఎర్రర్‌కి వార్ లిబ్ డీపీకేజీ ఫోల్డర్‌లో లాక్ ఫైల్ డిలీట్ చేస్తే చాలు అని నెట్‌లో చాలాచోట్ల ఉంది.

పర్లాకిమిడి_మాస్టారు:
జయపురం బాబూ, ఆ సలహా దయచేసి ఎవరికీ ఇవ్వకు. జిరాక్స్ గారూ, మీరు కూడా ఆ ఫైల్ ముట్టుకోకండి. లాక్ ఉందంటే వెనకాల ఇంకో ప్రోగ్రామ్ అదే ప్యాకేజీల జాబితా మీద పనిచేస్తోందని అర్థం. మింట్‌లో అప్‌డేట్ మేనేజర్ వెనకాల జాబితా తాజా చేసుకుంటూ ఉండొచ్చు, లేదా మీరు సాఫ్ట్‌వేర్ మేనేజర్ మూసేశానని అనుకున్నా లోపల ఇన్‌స్టాల్ నడుస్తూ ఉండొచ్చు. ఆ ఫైల్ తీసేస్తే ఇద్దరు ఒకేసారి ఒకే లెడ్జర్‌లో రాసినట్టవుతుంది, లెక్క తారుమారవుతుంది, తర్వాత ఏ ప్యాకేజీ సగం పడిందో ఏది పూర్తిగా పడిందో సిస్టమ్‌కే తెలియదు. లాక్ పట్టుకున్నది ఏ ప్రోగ్రామో, దాని ప్రాసెస్ నంబరు ఎంతో ఆ ఎర్రర్‌లోనే ఉంటుంది, చదవండి. అయిదు పది నిమిషాలు ఆగితే ఎక్కువసార్లు అదే వదులుతుంది. ఎంతకీ వదలకపోతే కంప్యూటర్ పద్ధతిగా రీస్టార్ట్ చేయండి. అంతవరకే.

ఇక అసలు సంగతి. రాయగడ తమ్ముడు, సిరొంచ తమ్ముడు ఇద్దరూ కిటికీయా నల్లతెరా అని వాదించుకుంటున్నారు, కానీ జిరాక్స్ గారి మొదటి రోగానికి ఆ రెండింటితోనూ సంబంధం లేదు. ‘నాట్ వాలిడ్ యెట్’ అంటే ఏమిటి? రిపాజిటరీలో ఉండే రిలీజ్ ఫైల్‌కి తేదీ వేసి సంతకం చేస్తారు. మీ కంప్యూటర్ తేదీ దానికన్నా వెనక ఉంటే, ఈ ఫైల్ ఇంకా పుట్టనే లేదు కదా అని ఆప్ట్ నమ్మడం మానేస్తుంది. బ్రౌజర్ సైట్లు తెరవనిదీ దీనికే, సైటు నిజమైనదని చెప్పే సర్టిఫికెట్లకీ తేదీలు ఉంటాయి. పాత డెస్క్‌టాప్ అన్నారు కాబట్టి మదర్‌బోర్డు మీద తేదీని నిలబెట్టే సీమోస్ బ్యాటరీ అయిపోయి ఉంటుంది. రూపాయి బిళ్లలా గుండ్రంగా ఉండే సీఆర్2032. కరెంటు ఉన్నంతసేపు తెలియదు, మన వైపు కరెంటు పోయిందంటే తేదీ కూడా పోతుంది. మింట్ మామూలుగా నెట్ దొరకగానే టైము సరిచేసుకుంటుంది, కానీ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ టైమ్ ఆపేసి ఉన్నా, నెట్ రాకముందే అప్‌డేట్ కొట్టినా ఈ గొడవ వస్తుంది. ముందు తేదీ చూడండి. ఇదే మనిషికి ఫ్లాట్‌ప్యాక్ పెట్టించి ఉంటే, ఫ్లాట్‌ప్యాక్‌లు దొరికే ఫ్లాట్‌హబ్‌కి వెళ్లేదీ సర్టిఫికెట్ల మీదనే కాబట్టి అదీ ఆగిపోయేది, అప్పుడు ఫ్లాట్‌ప్యాక్ చెత్త అని ఇంకో పోస్టు వచ్చేది.

రెండోది, పీపీఏ. అది ఒక మనిషి లేదా ఒక బృందం లాంచ్‌ప్యాడ్ అనే సైటులో సొంతంగా నడిపే చిన్న రిపాజిటరీ. వాళ్లు ఉబుంటు 24.04కి, అంటే నోబుల్ అనే పేరుకి ప్యాకేజీ కట్టకపోతే మీకు ఆ ‘డజ్ నాట్ హ్యావ్’ వస్తుంది. వీడియో పాతదై ఉంటుంది. దాన్ని తీయడానికి టెర్మినల్ అక్కర్లేదు, మెనూలో సాఫ్ట్‌వేర్ సోర్సెస్ తెరిచి పీపీఏల జాబితాలో దాన్ని తీసేయండి.

నా అభిప్రాయం ఇప్పుడు చెప్తాను. కొత్తవాళ్లకి నేర్పాల్సింది ప్యాకేజీ ఎక్కడి నుంచి వస్తోంది అన్నది. అది తెలిస్తే ఏ కిటికీలోంచి నొక్కినా ఫరవాలేదు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఒకే అప్లికేషన్ కింద సిస్టమ్ ప్యాకేజీ, ఫ్లాట్‌ప్యాక్ అని రెండూ కనిపిస్తాయి, ఏది ఎంచుకున్నారో, సైజు ఎంతో చూసి నొక్కమనండి. ఫోన్ నెట్ మీద బతికే మన ఊళ్లలో మొదట సిస్టమ్ ప్యాకేజీయే చెప్పాలి. ఒడియా, తెలుగు టైపింగ్ చేసే షాపుకి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే కీబోర్డు పద్ధతి అనేది సిస్టమ్‌లోనే ఉండాలి. ఐబస్ ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ లాంటివి, ఒడియాకి ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్ అన్నీ ఒకేసారి వస్తాయి. తెలుగు, ఒడియా ఫాంట్ల ప్యాకేజీలు కూడా అక్కడే ఉన్నాయి, చాలా చిన్నవి.

సిరొంచ_ప్రాణహిత:
మాస్టారూ, తేదీ సంగతి పూర్తిగా ఒప్పుకుంటా. కానీ సిస్టమ్ ప్యాకేజీయే మొదట అన్న మాట మీద నాకు ఒక పెద్ద అభ్యంతరం ఉంది, దానికి ఇక్కడ ఎవరూ సమాధానం చెప్పడం లేదు. ఉబుంటులో మెయిన్, యూనివర్స్ అని భాగాలు ఉన్నాయి. ఇంక్‌స్కేప్, వీఎల్‌సీ ఇవన్నీ యూనివర్స్‌లోవి. మెయిన్‌లో ఉన్నవాటికి ఉబుంటు తయారుచేసే కంపెనీ క్యానోనికల్ అయిదేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తుంది, యూనివర్స్‌కి ఆ హామీ ఉబుంటు ప్రో అనే సేవ తీసుకున్నవాళ్లకే, అది మింట్ వాళ్ల కోసం చేసింది కాదు. అంటే జిరాక్స్ షాపులో ఎవడో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఫైల్ తెరిచే అప్లికేషన్ ఏళ్ల తరబడి మరమ్మతు లేకుండా ఉండొచ్చు. ఫ్లాట్‌హబ్‌లో చాలావాటిని తయారుచేసినవాళ్లే నేరుగా తాజాగా పెడతారు. పది మంది ఫైళ్లు వచ్చే షాపుకి ఇది చిన్న విషయం కాదు. నెట్ తక్కువ అని మనవాళ్లకి పాత సాఫ్ట్‌వేర్ సరిపెట్టడం నాకు నచ్చదు.

రాయగడ_టెర్మినల్:
యూనివర్స్ మాట నిజమే, నేను దాన్ని కాదనలేను. కానీ తాజాది అంటే భద్రమైనది అని లెక్క వేయకు. 2024 మార్చిలో ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ అనే పనిముట్టు గొడవ గుర్తుందా, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు బయటపడింది. కొత్తవి వెంటనే తీసుకునే డెబియన్ అన్‌స్టేబుల్, టెస్టింగ్‌లోకి అది వచ్చేసింది, స్టేబుల్‌లోకి రాలేదు. అదే ఏడాది మొదట్లో ఉబుంటు వాళ్ల అప్లికేషన్ల దుకాణం స్నాప్ స్టోర్‌లో నకిలీ క్రిప్టో వాలెట్లు దొరికాయి. ఫ్లాట్‌హబ్‌లోనూ ఎవరు పెట్టారో వెరిఫై కానివి ఉన్నాయి, అందుకే మింట్ 22 వాటిని మామూలుగా చూపించదు. ఎవరు కట్టారో చూడకుండా నొక్కే అలవాటు ఎక్కడైనా ప్రమాదమే.

గుణుపురం_జిరాక్స్:
తేదీ పోయిన సంవత్సరం చూపిస్తోంది మాస్టారూ! నెట్‌వర్క్ టైమ్ ఆపేసి ఉంది. ఆన్ చేయగానే సరైంది, ‘నాట్ వాలిడ్’ లైన్లన్నీ పోయాయి. సోర్సెస్‌లో పీపీఏ తీసేశాను. ఫాంట్లు, కీబోర్డు పడ్డాయి, ఒడియా వస్తోంది. ఇంక్‌స్కేప్ దిగి ఇన్‌స్టాల్ అవుతుండగా ఇక్కడ కరెంటు పోయింది. ఇప్పుడు మళ్లీ పెడితే డీపీకేజీ మధ్యలో ఆగింది అని అంటోంది, చాలా టెన్షన్‌గా ఉంది. అంతా మళ్లీ వేయాలా?

పర్లాకిమిడి_మాస్టారు:
ఏమీ మళ్లీ వేయక్కర్లేదు, కంగారు పడకండి. డీపీకేజీ ప్రతి ప్యాకేజీ ఏ దశలో ఉందో రాసుకుంటూ వెళ్తుంది, అందుకే ఆ లెడ్జర్ జోలికి వెళ్లొద్దని అంత గట్టిగా చెప్పింది. ఆ ఎర్రర్ లైనులోనే కమాండ్ ఉంది చూడండి: సుడో డీపీకేజీ, ఖాళీ, రెండు అడ్డగీతలు వెంటనే కాన్ఫిగర్, మళ్లీ ఖాళీ, ఒక అడ్డగీత వెంటనే చిన్న ఏ. అది సగంలో ఉన్నవాటిని పూర్తి చేస్తుంది. తర్వాత ఇంక్‌స్కేప్ మళ్లీ పెట్టండి, అప్పటికే దిగిన ప్యాకేజీలు డిస్క్ మీద ఉంటాయి కాబట్టి మీ డేటా రెండోసారి పోదు. డిపెండెన్సీలు, అంటే తోడుగా కావలసిన ప్యాకేజీలు, సరిపోలేదు అంటే సుడో ఆప్ట్, రెండు అడ్డగీతలు ఫిక్స్, అడ్డగీత, బ్రోకెన్, ఖాళీ, ఇన్‌స్టాల్. అది ఏవైనా తీసేస్తానని జాబితా చూపిస్తే మాత్రం వై నొక్కకముందు ఆ జాబితా ఇక్కడ పెట్టండి. డెస్క్‌టాప్ మొత్తం ఊడిపోయేది ఆ ఒక్క వై దగ్గరే.

సిరొంచ తమ్ముడూ, యూనివర్స్ గురించి నీ మాట బలమైనదే. బయటి ఫైళ్లు ఎక్కువ వచ్చే షాపులో, ఆ ఫైళ్లు తెరిచే ఒకటి రెండు అప్లికేషన్లకి వెరిఫై అయిన ఫ్లాట్‌ప్యాక్ పెట్టుకోవడం మంచిదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఒకటి చెప్పాలి, కొన్ని ఫ్లాట్‌ప్యాక్‌లకి పెన్‌డ్రైవ్ కనిపించదు, ఫ్లాట్‌సీల్ అనే అప్లికేషన్‌లో అనుమతి ఇవ్వాలి. కస్టమర్ ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు ఫైల్ కనపడకపోతే షాపువాడు ఏం చేస్తాడు? అది ముందే చెప్పకుండా ఫ్లాట్‌ప్యాక్ సిఫారసు చేయకూడదు.

సిరొంచ_ప్రాణహిత:
అనుమతుల సంగతి సరే, చెప్పే పెడతా. కానీ డేటా మాట మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి అడుగుతున్నా, ఒక ఊళ్లో మంచి నెట్ ఉన్న ఒక్క చోట దింపి మిగతావాళ్లకి ఎందుకు పంచకూడదు? ఫ్లాట్‌ప్యాక్‌లో క్రియేట్ యూఎస్‌బీ అనే కమాండ్ ఉంది, అప్లికేషన్, రన్‌టైమ్ రెండూ పెన్‌డ్రైవ్ మీదికి వస్తాయి. ఆ ఒక్క పని నాలాంటివాళ్లం టెర్మినల్‌లో చేస్తాం, షాపువాళ్లు చేయక్కర్లేదు.

రాయగడ_టెర్మినల్:
ఆ దారి ఆప్ట్‌కీ ఉంది. సినాప్టిక్ అనే ప్యాకేజీల కిటికీలో కావలసినవి గుర్తుపెట్టి డౌన్‌లోడ్ స్క్రిప్ట్ తీసుకోవచ్చు, దాన్ని నెట్ ఉన్న ఇంకో కంప్యూటర్‌లో నడిపి ప్యాకేజీలు తెచ్చి సినాప్టిక్‌లోనే వేసుకోవచ్చు. నాలుగైదు కంప్యూటర్లు ఉన్నచోట ఆప్ట్ క్యాచర్ ఎన్‌జీ అనే ప్రోగ్రామ్ పెడితే ఒకసారి దిగింది అందరికీ అక్కడి నుంచే వస్తుంది. జిరాక్స్ గారూ, గుణుపురంలో మీకు తెలిసిన కాలేజీ ల్యాబ్ ఏదైనా ఉంటే స్క్రిప్ట్ నేను చెప్తూ చేయిస్తాను. గింప్ ఏది కావాలో ముందు చెప్పండి, 2.10 చాలా, 3.0 కావాలా?

గుణుపురం_జిరాక్స్:
కాన్ఫిగర్ కమాండ్ పనిచేసింది, ఇంక్‌స్కేప్ తెరుచుకుంది. ఫొటోలు కత్తిరించి, వెనక రంగు మార్చి, పాస్‌పోర్టు సైజులో పెట్టడమే మా పని, దానికి 2.10 చాలంటే అదే వేస్తాను. సీమోస్ బ్యాటరీ వాచీ షాపులో దొరుకుతుందా, కంప్యూటర్ షాపుకే వెళ్లాలా?

పర్లాకిమిడి_మాస్టారు:
ఆ పనికి 2.10 చాలు. బ్యాటరీ వాచీ షాపులోనూ దొరుకుతుంది, 2032 అనే నంబరు చూసి తీసుకోండి. మార్చే ముందు ప్లగ్గు పీకేయండి, కొత్తది పెట్టాక కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగ్స్‌లో తేదీ ఒకసారి సరిచూడండి.