ఎల్డర్లింగ్స్ 16 నవలలు: ఓడల కథ వదిలేసి ఫిట్జ్ కథ ఒక్కటే చదివితే నడుస్తదా?

వడ్డేపల్లి చెరువు:
రాబిన్ హాబ్ రాసిన 'రెల్మ్ ఆఫ్ ది ఎల్డర్లింగ్స్' అనే ఫాంటసీ సిరీస్ 1995 నుంచి 2017 దాకా వచ్చింది. ఐదు వరుసలు, 16 నవలలు. అండ్ల 9 ఫిట్జ్ అనే రాజవంశపు హంతకుని కథ. మిగిలిన 7 (ప్రాణమున్న ఓడల కథ లివ్‌షిప్ ట్రేడర్స్ 3, రెయిన్ వైల్డ్స్ 4) వేరే ఊళ్లు, వేరే మనుషులు. మొదటి మూడు, అంటే ఫార్‌సీర్ పుస్తకాలు అయిపోయినోళ్లు సీదా టానీ మ్యాన్ మూడింటికి పోవచ్చని కొందరంటరు. నిజమేనా? గుట్టు ఇప్పకుండ చెప్పున్రి.

కాజీపేట జంక్షన్:
పోవచ్చు. ఫార్‌సీర్ అంతా ఫిట్జ్ నోటి మాటే. 'అసాసిన్స్ క్వెస్ట్' ఆఖరుకొచ్చేసరికి చదివెటోళ్లకు వాని గురించే ఆరాటం. గప్పుడే 'షిప్ ఆఫ్ మ్యాజిక్' చేతికిస్తే? ఎనిమిదొందల పైన పేజీలు, పూటకో మనిషి కండ్లతోటి కథ, ఫిట్జ్ జాడే ఉండదు. మస్తు మంది సిరీసే ఇడిచిపెట్టేది ఈడనే. ఇడిచిపెట్టుడు కన్నా దాటేసుడు నయం. టానీ మ్యాన్ ముగించినంక ఓడల దిక్కు రావచ్చు, ఎవరూ వద్దనరు.

భద్రకాళి బండ్:
అన్నా, ఆ 'తర్వాత' అన్న కాడనే దెబ్బ పడేది. టానీ మ్యాన్ రెండో పుస్తకం 'గోల్డెన్ ఫూల్' (2002)లో లివ్‌షిప్ కథ నడిచే బింగ్‌టౌన్ నుంచి రాయబారులు ఫిట్జ్ ఉండే రాజకోట బక్‌కీప్‌కు వస్తారు. డ్రాగన్ల గురించి లివ్‌షిప్ మూడు నవలల పొడుగునా రచయిత్రి దాచి, మెల్లమెల్లగా విప్పిన సంగతి, వాళ్లు సభలో మామూలుగా మాట్లాడేస్తారు. అది విన్నాక వెనక్కి వెళ్లి లివ్‌షిప్ చదివితే ఇక విప్పడానికి ఏం మిగులుతుంది?

ఇంకోటి. ఆ రాయబారులతో వచ్చిన జెక్ అనే ఆమె ఒక మాట అంటుంది. ఫిట్జ్‌కూ వాని ప్రాణమిత్రుడు ఫూల్‌కూ పెద్ద తగువు పుట్టేది దానివల్లే. లివ్‌షిప్ చదివినవాళ్లకు ఆమె ఎవరి గురించి అంటుందో ముందే తెలుసు, ఫిట్జ్‌కు తెలియదు. ఆ పేజీల్లో గుండె బరువెక్కేది ఆ తేడాతోనే. దాటేసినవాళ్లకు అది ఉత్త గందరగోళం. బతుకమ్మలో కింది వరుసలు పేర్చకుండా గౌరమ్మను ఎక్కడ పెడతాం?

'షిప్ ఆఫ్ మ్యాజిక్' కష్టమన్నది ఒప్పుకుంటా. కానీ ఎందుకు కష్టమో తెలిస్తే దారి దొరుకుతుంది. పుస్తకం సముద్ర సర్పాల గుంపుతో మొదలవుతుంది, మధ్యమధ్య ఆ చిన్న అధ్యాయాలే తిరిగొస్తాయి. అర్థం కాక చాలామంది వాటిని తిప్పేస్తారు. తిప్పొద్దు, మూడు పుస్తకాలకూ కీలకం అవే. రెండోది, ఓడ ప్రాణం పోసుకునే పద్ధతి: ఒకే కుటుంబంలో మూడు తరాలవాళ్లు దాని మీదే చనిపోవాలి. ఇది మొదట్లోనే బుర్రకెక్కించుకుంటే ఆల్థియా తన ఇంటి ఓడ వివేసియా కోసం అంతగా ఎందుకు కొట్లాడుతుందో తెలుస్తుంది. ముందు ఆల్థియా, వింట్రో, సముద్రదొంగ కెన్నిట్, మాల్టా, ఈ నలుగురిని పట్టుకోండి చాలు. మాల్టా మొదటి పుస్తకంలో ఒళ్లు మండిస్తుంది, ఓర్చుకోండి. మొత్తం 16లో అంతగా ఎదిగిన పాత్రలు తక్కువ.

పద్మాక్షి గుట్ట:
లివ్‌షిప్ సంగతిల అక్క మాట కరెక్టు. రెయిన్ వైల్డ్స్ నాలుగింటికి మాత్రం అంత జోరు లేదు, ఉన్నమాట చెప్పుకోవాలె. 'డ్రాగన్ కీపర్' (2009) ప్రయాణం నడుమలనే ఆగిపోతది, అందుకే 'డ్రాగన్ హేవెన్' పక్కన పెట్టుకునే మొదలుపెట్టున్రి. రెండూ ఒకటే కథ అనుకుంటే కోపం రాదు. అధ్యాయాల ముందట పావురాలు సాకెటోళ్లు రాసుకునే చీటీలుంటయి. చిన్నగనే ఉంటయి గని వాటిల ఇంకో కథ నడుస్తది, అవి సుత తిప్పేయొద్దు.

కాజీపేట జంక్షన్:
గందుకే అంటున్న, కనీసం ఆ నాలుగన్న ఇడిచిపెట్టొచ్చు కదా.

పద్మాక్షి గుట్ట:
ఎనకకు జరుపుకో అన్నా, ఇడిచిపెట్టకు. ఆఖరి నవల 'అసాసిన్స్ ఫేట్' (2017)ల ఫిట్జ్ కెల్సింగ్రా నగరానికి పోతడు, ఆడికెల్లి టార్మన్ ఓడ మీద నది దిగి, పారగాన్ ఓడ ఎక్కుతడు. కెల్సింగ్రాల ఉన్నోళ్లు, టార్మన్ మీదోళ్లు రెయిన్ వైల్డ్స్ మనుషులు, పారగాన్ లివ్‌షిప్‌లది. ఆ ఏడు పుస్తకాలు చదవనోళ్లకు సగం నవల కొత్త మొఖాలే. ఫిట్జ్ ఆఖరి మూడింటిల మొదటిదైన 'ఫూల్స్ అసాసిన్' (2014) కన్నా ముందు చదివితే మంచిది, ఆఖరి పుస్తకం పట్టేలోపన్నా తప్పదు.

కాజీపేట జంక్షన్:
ఆఖరి పుస్తకం సంగతి ఒప్పుకున్న. అయినా 'షిప్ ఆఫ్ మ్యాజిక్' కాడ నెలల తరబడి ఆగిపోయినోళ్లకు నా సలహా గదే: టానీ మ్యాన్‌కు పోన్రి. గుట్టు తెలిసినా కెన్నిట్ కథ చప్పబడదు.

భద్రకాళి బండ్:
కెన్నిట్ విషయంలో నిజమే. సర్పాల విషయంలో కాదు.

కొనేవాళ్లకు ఒక మాట. అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద వెతికేవాళ్లు 'షామన్స్ క్రాసింగ్', 'ఫారెస్ట్ మేజ్', 'రెనెగేడ్స్ మ్యాజిక్' చూసి ఇందులోవే అనుకుంటారు. రచయిత్రి ఆమే గానీ లోకం వేరు, ఈ 16కూ వాటికీ సంబంధం లేదు. 'ది ఇన్హెరిటెన్స్' కథల సంపుటి దొరికితే మాత్రం తీసుకోండి. అందులో 'హోమ్‌కమింగ్' పెద్ద కథ రెయిన్ వైల్డ్స్‌లో జనం మొదట ఎట్లా స్థిరపడ్డారో చెబుతుంది. దాన్ని లివ్‌షిప్ అయ్యాకే తెరవండి.