బ్లాక్‌లిస్టులో ఉంటే మెయిల్‌ను గేటు దగ్గరే తిప్పి పంపాలా?

నల్గొండ_అడ్మిన్:
మా కాలేజీ మెయిల్ సర్వర్ నేనే చూస్తాను. స్పామ్ ఊడ్చి ఊడ్చి విసుగొచ్చింది. పోయిన నెల నుంచి ఆరు డీఎన్ఎస్ బ్లాక్‌లిస్టులు, అంటే ఫలానా ఐపీ అడ్రస్‌ల నుంచి మెయిల్ తీసుకోవద్దని చెప్పే జాబితాలు, పెట్టాను. పంపే సర్వర్ ఐపీ ఏ ఒక్కదాంట్లో కనబడినా మెయిల్ వెనక్కే. స్పామ్ బాగా తగ్గింది. మా స్టాఫ్‌లో కొందరు మాత్రం ఇది తప్పంటున్నారు. మీరేమంటారు?

మిర్యాలగూడ_మిల్లు:
తప్పే అన్నా. మేము బియ్యం అమ్ముతాం. సీజన్‌లో ఒక పాత పార్టీకి రేట్లు పంపితే మెయిల్ తిరిగొచ్చింది. మేము తీసుకున్న చౌక హోస్టింగ్‌లో ఒకే ఐపీ మీద ఎందరో ఉంటారట. వాళ్లలో ఎవరో స్పామ్ పంపితే ఐపీ లిస్టుకెక్కింది. మాకు సంగతి అర్థమయ్యేసరికి మూడు రోజులు పట్టింది. ఆ లారీ లోడు వేరే మిల్లుకు పోయింది. పక్కోడి అప్పుకు మా గేటుకు తాళం వేయడం ఏం న్యాయం?

పాలమూరు_నెట్‌వర్క్:
మిల్లు అన్నా, మీ నష్టం నిజం. కానీ మెయిల్ తిరిగొచ్చింది కాబట్టే మీకు తెలిసింది. అదే అవతలి వాళ్ల స్పామ్ ఫోల్డర్‌లో పడితే చేరిందనే అనుకునేవారు. అందుకే తిప్పి పంపడాన్ని నేను తప్పుపట్టను. ఒక్క లిస్టు మాట మీద తిప్పి పంపడమే తప్పు.

అసలు జరిగేది చిన్న పనే. 192.0.2.10 నుంచి మెయిల్ వస్తే అంకెలు తిరగేసి 10.2.0.192 అని రాసి, వెనక లిస్టు పేరు తగిలించి డీఎన్ఎస్‌ను, అంటే నెట్‌లో పేర్లకు ఐపీ అంకెలు చెప్పే వ్యవస్థను, అడుగుతాం. 127.0.0.2 లాంటి జవాబు వస్తే ఉన్నట్టు, అలాంటి పేరే లేదంటే లేనట్టు. 1997లో ఇంటర్నెట్ ఇంజనీర్ పాల్ విక్సీ వాళ్లు మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆ జవాబు ఇచ్చేవాళ్లు రేపు ఉంటారా అన్నది చూసుకోవాలి. 2003లో ఒసిరుసాఫ్ట్ లిస్టు మూసేస్తూ ప్రపంచంలోని ఐపీలన్నింటికీ 'ఉంది' అని చెప్పింది. దాన్ని నమ్ముకున్నవాళ్లకు మంచి మెయిల్ కూడా ఆగిపోయింది. సార్బ్స్ అనే ఇంకో లిస్టు 2024లో మూతపడింది. ఇంకొకటి: 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ (మన తరఫున డీఎన్ఎస్‌ను అడిగిపెట్టే సర్వర్) ద్వారా అడిగితే, బ్లాక్‌లిస్టులు నడిపే స్పామ్‌హాస్ సంస్థ 127.255.255.254 అని ఎర్రర్ కోడ్ ఇస్తుంది. ఏ జవాబొచ్చినా 'ఉంది' అనుకునే సర్వర్ అయితే అన్నీ తిప్పికొడుతుంది.

నల్గొండ_అడ్మిన్:
రిజాల్వర్ మాదే, ఆ టెన్షన్ లేదు. కానీ ఆరింట్లో రెండు లిస్టులు ఎవరు నడుపుతున్నారో కూడా నేను చూడలేదు. ఇప్పుడే తీసేశాను. లాగ్‌లో ఒక పాత విద్యార్థి మెయిల్ కనబడింది, టీసీ కోసం రెండుసార్లు రాశాడు. చాలా బాధేసింది. మా లెక్చరర్ ఒకరు ఇంటి బ్రాడ్‌బ్యాండ్ నుంచి పంపినవీ ఆగాయి.

పాలమూరు_నెట్‌వర్క్:
లెక్చరర్‌ది వేరే కథ. ఇళ్ల ఐపీలు నేరుగా మెయిల్ పంపకూడదని స్పామ్‌హాస్ పీబీఎల్ అనే లిస్టులో ఉంటాయి, అది తప్పు చేసినవాళ్ల లిస్టు కాదు. పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి మెయిల్ పంపడానికి పెట్టిన 587 పోర్టులో వచ్చేవాళ్లకు ఈ చెకింగే పెట్టొద్దు. మిగతావాటికి పోస్ట్‌స్క్రీన్‌లో (పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వర్‌లో గేటు దగ్గర చెక్ చేసే భాగం) లిస్టుకిన్ని మార్కులు ఇచ్చి, రెండు మంచి లిస్టులు కలిస్తేనే ఆపండి.

మిర్యాలగూడ_మిల్లు:
మార్కులు సరే. తిరిగొచ్చే మెయిల్‌లో మీ ఆఫీసు ఫోన్ నంబర్ కూడా పెట్టండి అన్నా. మాకు వచ్చినదాంట్లో ఇంగ్లిష్ కోడు తప్ప ఏమీ లేదు. నంబర్ ఉంటే ఆ రోజే ఫోన్ చేసేవాళ్లం.

నల్గొండ_అడ్మిన్:
పెడుతున్నాను. పోస్ట్‌మాస్టర్ అడ్రస్‌కు, అంటే మెయిల్ సమస్యలు సర్వర్ చూసేవాళ్లకు చెప్పుకునే అడ్రస్‌కు, వచ్చేవాటిని ఏ లిస్టుతోనూ ఆపకుండా కూడా మారుస్తాను. ఆ విద్యార్థికి ఇప్పుడే ఫోన్ చేశాను, సోమవారం వస్తానన్నాడు.