అమెరికాలో జనరల్ సర్జరీ: సీకే 259తో కేటగిరికల్ సీటుకి నిలబడగలనా?

కర్నూలు హౌస్‌సర్జన్:
అన్నలూ అక్కలూ, ఉన్నదున్నట్టు చెప్పండి. అమెరికా మెడికల్ లైసెన్స్ పరీక్షల్లో స్టెప్ 1 మొదటిసారే పాస్, స్టెప్ 2 సీకేలో 259. సర్జరీలో ఒక కేస్ రిపోర్ట్, అమెరికాలో నెల రోజుల అబ్జర్వర్‌షిప్ (పక్కన నిలబడి చూడటమే). ఇంటర్న్‌షిప్ నడుస్తోంది, వీసా కావాలి. వచ్చే సెప్టెంబర్‌లో కేటగిరికల్ సర్జరీకి, అంటే ఐదేళ్ల పూర్తి రెసిడెన్సీ (ట్రైనింగ్) సీటుకి, అప్లై చేద్దామనుకుంటున్నా. ఇంట్లో ఇంటర్నల్ మెడిసిన్‌కి పెట్టమంటున్నారు, లేకపోతే నీట్ పీజీ రాయమంటున్నారు. నాకేమో ఓటీ (ఆపరేషన్ థియేటర్) తప్ప ఇంకో దానిమీద మనసు లేదు.

మిషిగన్ సర్జన్:
స్కోరు బాగుంది చెల్లీ. దాని గురించి ఇక ఆలోచించకు, పాసైన సీకే మళ్లీ రాయనివ్వరు కూడా. 2022 జనవరి చివర్లో స్టెప్ 1 పాస్/ఫెయిల్‌గా మారాక అందరూ సీకే మీదే పడ్డారు. అందుకే 250 దాటిన ఐఎంజీలు (అమెరికా బయట చదివిన డాక్టర్లు) ఇప్పుడు చాలామంది. స్కోరు నిన్ను ఫిల్టర్ దాటిస్తుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. మా దగ్గర అప్లికేషన్లు చదివేటప్పుడు ముందు చూసేది సిఫార్సు లెటర్ ఎవరు రాశారన్నది. ‘మంచి అమ్మాయి, టైముకి వస్తుంది’ అన్న అబ్జర్వర్‌షిప్ లెటర్‌తో మాకేమీ తెలియదు. ‘రెండేళ్లు నా దగ్గర పనిచేసింది, నా రెసిడెంట్‌గా తీసుకుంటా’ అని రాస్తే ఆ సర్జన్‌కి ఫోన్ చేస్తాం. నీకు అలాంటి లెటర్ ఒక్కటీ లేదు. ఈ ఏడాది కేటగిరికల్‌కి ఈ ప్రొఫైల్ చాలదు. అలాంటి లెటర్ వచ్చేలా ఇక్కడి సర్జరీ డిపార్ట్‌మెంట్‌లో రీసెర్చ్ ఫెలోషిప్ వెతుక్కో.

గుంటూరు ఎం.ఎస్. పీజీ:
సార్, ఇది నేను ఒప్పుకోను. ఆ ఫెలోషిప్పుల్లో చాలావాటికి జీతం ఉండదు. బోస్టన్‌లోనో హ్యూస్టన్‌లోనో రెండేళ్లు సొంత డబ్బుతో బతకగలిగేవాళ్లు ఎంతమంది? మీరు కొలుస్తున్నది సర్జన్ కాగల సత్తానా, నాన్నగారి బ్యాంకు ఖాతానా? నీట్ పీజీలో 800 మార్కులు, ర్యాంకు వస్తే సీటు. ఎవరి పరిచయమూ అక్కర్లేదు. రైతుకూలీ కొడుకు కూడా సర్జన్ అవుతున్నాడంటే ఆ పరీక్ష వల్లే. మూడేళ్లలో ఎం.ఎస్., కావాలంటే ఇంకో మూడేళ్లు ఎంసీహెచ్ (సూపర్ స్పెషాలిటీ).

మిషిగన్ సర్జన్:
జీతం లేకుండా పని చేయించుకోవడం అన్యాయమే, దాన్ని నేను సమర్థించను. కానీ ర్యాంకు చూసి మనిషి గురించి ఏం తెలుస్తుంది? ఆపరేషన్ చేసిన పేషెంట్‌కి తెల్లవారుజామున కడుపు ఉబ్బితే లేచి వెళ్లి చూసే రకమా, ఫోన్లోనే ఆర్డర్ చెప్పేసే రకమా అన్నది 200 ప్రశ్నల పేపర్‌లో బయటపడదు. ఎవరో ఒకరు దగ్గరుండి చూడాలి. అలా చూపించుకోవడానికి పిల్లలు డబ్బు ఖర్చుపెట్టాల్సి రావడమే తప్పు, చూడటం తప్పు కాదు. ఇంకొకటి, అక్కడ ఎం.ఎస్. చేసి వచ్చినా ఇక్కడ మామూలుగా మళ్లీ మొదటి ఏడాది నుంచే మొదలుపెట్టాలి. రెండు దారులూ ఒకదానికొకటి కలుస్తాయనుకోవద్దు.

ఒహాయో ప్రిలిమ్:
ప్రిలిమినరీ సీటు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏటా మ్యాచ్ వారంలో, అంటే రెసిడెన్సీ సీట్లు కేటాయించే వారంలో, వందల ప్రిలిమ్ సర్జరీ సీట్లు మిగిలిపోతాయి, సోప్‌లో (మిగిలిన సీట్లు నింపే రౌండ్‌లో) దొరికే అవకాశం ఉంది. అందుకే మనవాళ్లు ఎగబడతారు. పని కేటగిరికల్ ఇంటర్న్‌దే, కాంట్రాక్ట్ మాత్రం ఒక్క ఏడాది. తర్వాత సీటుకి హామీ లేదు. జే-1 వీసా మీద ఉన్నవాళ్లకి సీటు పోతే వీసా కూడా పోతుంది. నాతో చేసినవాళ్లలో కొందరు అనస్థీషియాకి మారారు, కొందరు మెడిసిన్‌కి వెళ్లారు. చేరేముందు ఒకటే అడగండి: మీ ప్రిలిమ్స్‌లో ఎంతమందికి కేటగిరికల్ సీటు వచ్చింది? సూటిగా జవాబు చెప్పకపోతే అక్కడ చేరకండి.

హ్యూస్టన్ రీసెర్చ్ అక్క:
కర్నూలమ్మాయీ, నీకు ఇంకా డిగ్రీ చేతికి రాలేదు కదా! అదే నీ బలం. స్టూడెంట్‌గా ఉన్నప్పుడే సర్జరీ ఎలక్టివ్‌కి (స్టూడెంట్లకి ఇక్కడి ఆసుపత్రుల్లో ఇచ్చే పోస్టింగ్‌కి) ప్రయత్నించాలి, అందులో పేషెంట్లని చూడనిస్తారు, స్క్రబ్ అయి ఆపరేషన్‌లో నిలబడనిస్తారు. డిగ్రీ వచ్చాక చాలాచోట్ల అబ్జర్వర్‌షిప్పే, మూల నిలబడి చూడటమే. ఇంటర్న్‌లని కూడా తీసుకునే చోట్లు ఉన్నాయేమో ఈ వారమే మెయిళ్లు పెట్టి కనుక్కో. జీతం ఇచ్చే రీసెర్చ్ పోస్టులూ ఉన్నాయి, తక్కువే గానీ ఉన్నాయి. మొదటి మాటల్లోనే జీతం గురించి అడిగెయ్, మొహమాటపడకు.

కర్నూలు హౌస్‌సర్జన్:
సరే, వచ్చే సెప్టెంబర్‌లో అప్లై చేయడం వదిలేస్తా. ఎలక్టివ్‌కీ, జీతమిచ్చే పోస్టులకీ మెయిళ్లు పెడతా, నీట్ పీజీ కూడా రాస్తా. ప్రిలిమ్‌కి మాత్రం వెళ్లను. సార్, రెండేళ్లు రీసెర్చ్‌లో గడిపితే ఎంబీబీఎస్ పాసైన ఏడాది పాతబడిపోయిందని తీసేయరా?

మిషిగన్ సర్జన్:
కొన్ని ప్రోగ్రాములు మూడేళ్లకే గీత గీస్తాయి, కొన్ని ఐదేళ్ల దాకా చూస్తాయి. సర్జరీ డిపార్ట్‌మెంట్‌లోనే పనిచేస్తుంటే ఆ ఏళ్లని గ్యాప్ కింద లెక్కపెట్టం. ల్యాబ్‌లోనే కూర్చోకు, రెసిడెంట్లతో కాన్ఫరెన్స్‌లకి వెళ్లు, అడిగి మరీ ఓటీలోకి వెళ్లు. నీ మెయిల్ ముసాయిదా పంపు, చూసి పెడతా.