గుడ్డుకి బదులు తాటిబెల్లం ముక్క సరిపోతుందా? ఇనుము లెక్క మీద చర్చ

కాలవగట్టు:
వాట్సాప్‌లో ఒక మాట తిరుగుతోంది. "100 గ్రాముల గుడ్డులో ఇనుము 2 మిల్లీగ్రాములు కూడా లేదు, 100 గ్రాముల బెల్లంలో 4.6 ఉంది. గుడ్డు ముట్టని ఇళ్లలో పిల్లలకి పూటకో తాటిబెల్లం ముక్క పెడితే చాలు" అని. బళ్లో డొక్కా సీతమ్మ గారి పేరున పెడుతున్న మధ్యాహ్న భోజనంలో గుడ్డూ ఉంది, చిక్కీ ఉంది, బెల్లం వేసిన రాగి జావా ఉంది. గుడ్డు తినని పిల్లకి మిగతా రెండూ సరిపోతాయా? తెలిసినవాళ్లు అంకెలతో చెప్పండి. శాకాహారం గొప్పా, మాంసాహారం గొప్పా అన్న తగువు మాత్రం వద్దు.

గుడ్లలెక్క:
అంకెలు తప్పు కాదండి, తూకం తప్పు. 100 గ్రాములంటే గుడ్లయితే రెండు. బెల్లమయితే అరచేతి నిండా. అంత బెల్లం ఒక్క రోజులో ఎవరు తింటారు? పిల్లల చేతిలో పెట్టే ముక్క 10 గ్రాములు.

పెంకుతో 55 గ్రాములు తూగే గుడ్డులో పెంకు 6 గ్రాములు పోతుంది. మిగిలిన దాంట్లో మాంసకృత్తులు 6 గ్రాముల పైచిలుకు, కొవ్వు 5 గ్రాములు, ఇనుము 0.9 మి.గ్రా. దాకా, బి12 అర మైక్రోగ్రాము, వీటితో పాటు ఎ, డి విటమిన్లు, కోలిన్. మొత్తం 70 కేలరీలు. 10 గ్రాముల బెల్లంలో 38 కేలరీలు, దాదాపు అంతా చక్కెరే. ఇనుము అర మి.గ్రా. లోపు, మాంసకృత్తులు లేనట్టే, బి12 సున్నా. పోటీ ఇక్కడే అయిపోయింది.

తాటితోపు:
అయిపోలేదండీ. గుడ్డులో 0.9 ఉందన్నారు, అందులో ఒంటికి పట్టేది ఎంతో చెప్పలేదు. పచ్చసొనలో ఫాస్విటిన్ అనే పదార్థం ఇనుముని పట్టుకుని వదలదు. అందుకే గుడ్డులో ఇనుము ఉన్నా పేగులోకి పోయేది తక్కువ. ఈ సంగతి కోళ్లవాళ్లు ఎప్పుడూ చెప్పరు!

ఇక బెల్లం అంతా ఒక్కటే అన్నట్టు రాశారు. అనకాపల్లి నుంచి వచ్చే చెరకు దిమ్మ వేరు, తాటిబెల్లం వేరు. తాటి నీరా దించే లొట్టికి, అంటే చెట్టుకి కట్టే కుండకి, లోపల సున్నం పూస్తారు, పులవకుండా. తెల్లారేలోపు దించి వెంటనే కాయాలి. సుమారు 8 లీటర్లు కాస్తే కిలో బెల్లం. సున్నం తగ్గితే నీరా పులిసి, చక్కెర విరిగి, ఎంత కాచినా గట్టిపడక జావలా ఉంటుంది. సున్నం ఎక్కువైతే నల్లబడి నాలుక మీద చురుక్కుమంటుంది. ఆ సున్నం వల్లే తాటిబెల్లంలో కాల్షియం కొంత చేరుతుంది. చక్కెరలో అదీ లేదు, ఇదీ లేదు.

పథ్యం:
తాటితోపు గారూ, ఫాస్విటిన్ సంగతి నిజమే, ఒప్పుకోవాల్సిందే. కానీ అది బెల్లాన్ని గెలిపించదు. బెల్లంలో ఇనుము కూడా మొక్క జాతి ఇనుమే, అదీ తక్కువే పడుతుంది. పైగా ఆ అంకె నిలకడగా ఉండదు. ఒక పట్టికలో 100 గ్రాములకి 2.6, ఇంకోదాంట్లో 4.6, ఇంటర్నెట్‌లో తిరిగేది 11. ఇనప పెనంలో కాస్తే ఒకలా, వేరే పెనంలో కాస్తే మరోలా ఉంటుంది. నేల, మడ్డి తీసిన తీరు, అన్నీ కలుస్తాయి.

పదేళ్లు దాటిన ఆడపిల్లకి మన జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) చెప్పే లెక్క రోజుకి ఇనుము 28 మి.గ్రా., మాంసకృత్తులు 33 గ్రాములు. పెద్ద అంకె, 4.6, తీసుకున్నా 10 గ్రాముల బెల్లం ఇచ్చేది అరవయ్యో వంతు. గుడ్డు ఇచ్చేది ముప్ఫయ్యో వంతు, అందులోనూ కోత. అంటే ఇనుము కోసమైతే గుడ్డూ కాదు, బెల్లమూ కాదు. మీరిద్దరూ ఓడిపోయే పందెం మీదే కొట్టుకుంటున్నారు. గుడ్డు పెట్టేది మాంసకృత్తుల కోసం, బి12 కోసం. బెల్లం దాని జోలికే పోలేదు.

ఇంకో సంగతి. చక్కెర మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులోకి బెల్లం కూడా వస్తుంది. రోజుకి 1500 కేలరీలు తినే పిల్లకి పదో వంతు అంటే 37 గ్రాములు. అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మేలంటుంది, అంటే 19 గ్రాములు. పూటకో ముక్క చొప్పున మూడు పూటలా పెడితే బెల్లం 30 గ్రాములు. ఆ పైన టీలో చక్కెర, బిస్కెట్లు. హద్దు దాటడానికి పూతరేకు దాకా వెళ్లక్కర్లేదు.

రోలు_రోకలి:
బెల్లాన్ని విడిగా తూచడమే పొరపాటని నాకనిపిస్తుంది. మన వైపు బెల్లం ఒంటరిగా ఎప్పుడు పెట్టారు? చిమ్మిలి, సున్నుండ, వేరుశనగ అచ్చు, దేంట్లోనైనా అది పక్కవాయిద్యమే. ఎదిగే ఆడపిల్లకి చిమ్మిలి పెట్టేది నువ్వుల కోసం.

30 గ్రాముల చిమ్మిలి ముద్ద తీసుకోండి. పొట్టుతో ఉన్న నల్ల నువ్వులు 18 గ్రాములు, బెల్లం 12. నువ్వుల్లో ఇనుము 100 గ్రాములకి దాదాపు 14 మి.గ్రా., అంటే ముద్దలో నువ్వుల వాటా రెండున్నర. బెల్లం వాటా అర. మాంసకృత్తులు 3 గ్రాముల పైన. పేరు బెల్లానిది, పని నువ్వులది. నువ్వులు దోరగా వేయించాలి, చిటపట ఆగగానే దించేయాలి. మాడితే చేదెక్కి పిల్లలు ఉమ్మేస్తారు. రోట్లో మరీ మెత్తగా దంచితే నూనె తేలి ముద్ద జారిపోతుంది. పలుకుగా ఉన్నప్పుడే బెల్లం వేసి నాలుగు పోట్లు వేస్తే చాలు. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పండి.

సున్నుండ 30 గ్రాములదైతే మినప్పిండి 12, బెల్లం 10, నెయ్యి 8. మాంసకృత్తులు 3 గ్రాములు, కేలరీలు 150. గుడ్డంత మాంసకృత్తులు కావాలంటే రెండు సున్నుండలు, 300 కేలరీలు. బక్కపిల్లకి మంచిదే, బొద్దుపిల్లకి ఆలోచించాలి.

చిక్కీ 25 గ్రాముల ముక్కలో వేరుశనగ 15, బెల్లం 10 పడితే మాంసకృత్తులు 4 గ్రాములకి కొంచెం తక్కువ. ఈ పాళ్లు తిరగబడి బెల్లం 15 అయిందా, అది మిఠాయి. పాకం చుక్క నీళ్లలో వేసి గిన్నెకి కొడితే ఠంగుమనాలి. లేతగా దించితే మన గోదారి గాలికి రెండు రోజుల్లో సాగుతుంది. ముడుచుకున్న గింజ, బూజు వాసన వచ్చే గింజ ముందే ఏరేయండి. వేయించినా ఆ బూజు విషం పూర్తిగా పోదు.

గుడ్లలెక్క:
పథ్యం గారి లెక్కకి ఎదురు చెప్పను. కానీ గుడ్డు వండే తీరులో పోయేది కూడా ఉంది. పచ్చి గుడ్డు పాలల్లో కొట్టి తాగించే అలవాటు ఇంకా ఉంది. పచ్చి తెల్లసొనలో మాంసకృత్తులు సగమే అరుగుతాయి, అవిడిన్ అనేది బయోటిన్ అనే విటమిన్‌ని పట్టేసుకుంటుంది, సాల్మొనెల్లా అనే క్రిమి భయం అదనం. ఉడకబెట్టండి: నీళ్లు మరిగాక 9, 10 నిమిషాలు, తర్వాత చన్నీళ్లలో. అరగంట ఉడికిస్తే సొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తుంది. అది గంధకం, ఇనుము కలిసిన మరక, హాని లేదు. చూసి పారేయకండి.

మే నెలలో తణుకు, అనపర్తి వైపు గుడ్డు చిన్నదవుతుంది, పెంకు పల్చబడుతుంది. ఎండకి కోడి మేత తగ్గిస్తుంది. రొప్పడంతో రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి పెంకుకి కావలసిన కార్బొనేట్ చాలదు. చిట్లిన గుడ్డు చవగ్గా అమ్ముతారు. కొన్న రోజే గట్టిగా ఉడికించి తినేయాలి, దాచకూడదు. ముందే కడిగి కూడా దాచకండి, పైపొర పోతుంది. నాటు గుడ్డు బలం అంటారుగానీ, 40 గ్రాముల నాటు గుడ్డులో మాంసకృత్తులు 5 గ్రాముల లోపే. సొన రంగు మేతది, బలానిది కాదు.

తాటితోపు:
సరే, బి12 దగ్గర నేను తగ్గుతాను. బెల్లంలో అది లేదు, ఎవరు కాచినా రాదు. కానీ కొనేటప్పుడు చూడాల్సింది చెప్పి తీరాలి. చెరకు బెల్లం నిమ్మపండు రంగులో మెరుస్తుంటే హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం వేశారని అనుమానించండి. కొన్నాళ్లు నిలవ ఉంటే రంగు నల్లబడుతుంది. బెండ మొక్క జిగురుతో మడ్డి తీసిన బెల్లం మొదటి నుంచే ముదురు గోధుమ. గ్లాసు నీళ్లలో కరిగించి అడుగు చూడండి. తెల్లగా పేరుకుని నిమ్మరసం చుక్కకి బుసబుసమంటే సుద్ద కలిపారు. తాటిబెల్లానికి మాత్రం ఈ పరీక్ష పూర్తిగా పనిచేయదు, లొట్టి సున్నం వల్ల కాస్త అడుగు సహజం. దానికి పెద్ద కల్తీ చక్కెర. నీరా కాలం దాటాక, వానల్లో, "తాజా తాటిబెల్లం" అంటే అడగాల్సిన ప్రశ్న ఒకటే: నీరా ఎక్కడిది?

కాలవగట్టు:
అంటే గుడ్డు తినని పదకొండేళ్ల పిల్లకి పళ్లెంలో ఏం పెట్టాలి? ఒక రోజు లెక్క చెప్పండి.

పథ్యం:
గుడ్డుకి జవాబు పాలు. 200 మి.లీ. గేదె పాలలో మాంసకృత్తులు 7 గ్రాముల చిల్లర, బి12 కూడా ఉంటుంది. రోజూ పాలో పెరుగో తప్పకుండా ఉండాలి. అన్నంలోకి గట్టి పప్పు, పప్పు పల్చన చేసి చారులా పోయకండి. వారంలో రెండు మూడు రోజులు ఉలవచారుకి వాడిన ఉలవలు పారేయకుండా గుగ్గిళ్లుగా. సాయంత్రం ఒక చిమ్మిలి ముద్ద, పక్కన సగం జామకాయ. జామలో ఉన్న సి విటమిన్ నువ్వుల ఇనుముని పట్టిస్తుంది. పాలు ఆ పూట కాకుండా పడుకునే ముందు ఇవ్వండి, టీ అయితే గంట ఎడం.

రాగి జావ కాల్షియానికి మంచిది. 20 గ్రాముల పిండిలో 70 మి.గ్రా. దాకా వస్తుంది. మాంసకృత్తులు మాత్రం ఒకటిన్నర గ్రాములే, దాన్ని గుడ్డు ఖాతాలో వేయకండి. జావలో బెల్లం 8, చిమ్మిలిలో 12, దాంతో ఆ రోజు తీపి సరి.

రోలు_రోకలి:
జావలో పాలు పోసేవాళ్లు బెల్లం పొయ్యి మీద ఉండగా వేయకండి, విరుగుతాయి. దించి, కాస్త చల్లారాక కరిగించిన బెల్లం వడకట్టి పోయండి.

తాటితోపు:
ఆ వడకట్టిన దాంట్లో ఇసుక ఎంత వచ్చిందో చూడండి, కొట్టువాడి సంగతి తెలుస్తుంది.