ప్రభుత్వం పదేళ్లు ఆలస్యంగా అప్పీలు వేస్తే హైకోర్టు మన్నించవచ్చా?

మొదటి టపా:
3,966 రోజులు. ఒక భూమి కేసులో కర్ణాటక హౌసింగ్ బోర్డు రెండో అప్పీలు (మొదటి అప్పీలులో వచ్చిన తీర్పుపై హైకోర్టులో వేసేది) వేయడంలో చేసిన ఆలస్యం ఇది. దాదాపు పదకొండేళ్లు! దాన్ని కర్ణాటక హైకోర్టు మన్నించింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. చాలా మంచి పని చేసిందని నా అభిప్రాయం. హైకోర్టులో సివిల్ అప్పీలుకు గడువు 90 రోజులు; ఆ గడువు ప్రభుత్వానికీ అంతే. ఆలస్యానికి ప్రభుత్వ శాఖలు దాఖలు చేసే అఫిడవిట్లు చదివి చూడండి. ఫైలు ఒక సెక్షన్ నుంచి మరో సెక్షన్‌కు వెళ్లింది, అధికారి బదిలీ అయ్యారు, ప్లీడరు అభిప్రాయం రావడం ఆలస్యమైంది. తేదీలు మారతాయి, వాక్యాలు మారవు.

జవాబు 1:
నేను ఒప్పుకోను. సాంకేతిక కారణాలతో న్యాయాన్ని బలి చేయకూడదని, ప్రభుత్వాన్ని సవతి బిడ్డలా చూడకూడదని ప్రభుత్వ అప్పీలు ఆలస్యంపైనే వచ్చిన కాతీజీ కేసులో 1987లో సుప్రీంకోర్టే చెప్పింది. ప్రభుత్వ భూమి ఏ అధికారి సొంతమూ కాదు, మనందరిదీ. అవతలివారితో కుమ్మక్కై, ఫైలును బీరువాలో పెట్టి గడువు దాటనిచ్చేవాళ్లు లేరా? అప్పీలు తలుపు మూసేస్తే లాభపడేది వాళ్లే.

జవాబు 2:
క్రిమినల్ అప్పీళ్లకూ ఇంత కఠినంగా ఉండమంటారా? శిక్షపడి జైల్లో ఉన్నవాడికి హైకోర్టుకు వెళ్లడానికి 60 రోజులే గడువు.

మొదటి టపా రాసినవారి జవాబు:
వద్దు, అక్కడ ఉదారంగానే ఉండాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేక జైల్లో మగ్గుతున్నవాడిని, ప్లీడర్ల వ్యవస్థే చేతిలో ఉన్న శాఖను ఒకే గాటన కట్టలేం.

కుమ్మక్కు సంగతి కాదనను, నన్నూ అదే బాధిస్తుంది. కానీ దానికి మూల్యం డిక్రీ (సివిల్ కేసులో కోర్టు తీర్పును అమలుకు వీలుగా రాసిన ఉత్తర్వు) గెలిచిన మనిషి ఎందుకు చెల్లించాలి? 2020లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం 663 రోజులు ఆలస్యంగా వస్తే సుప్రీంకోర్టు 25,000 రూపాయల ఖర్చులు విధించి, బాధ్యులైన అధికారుల నుంచే రాబట్టమంది. మొత్తం చిన్నదే, దారి సరైనది. కుమ్మక్కు ఉందంటే ఆ అధికారి పేరు, తీసుకున్న చర్య అఫిడవిట్‌లో రాయాలి. అప్పుడు నేనూ మన్నించమంటాను. ఊరికే ‘పరిపాలనా కారణాలు’ అంటే కుదరదు. 427 రోజులు ఆలస్యం చేసిన తపాలా శాఖకు సుప్రీంకోర్టు 2012లోనే ఈ మాట చెప్పింది.

ఇంకొకటి. ఆలస్యంగా వేసిన అప్పీలును విచారించాలని కోర్టు నిర్ణయించేదాకా డిక్రీ అమలుపై స్టే ఇవ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డర్‌లోని 3ఎ నిబంధన చెబుతోంది. డిక్రీ గెలిచినవారు దీన్ని గట్టిగా పట్టుకోవాలి.

కర్ణాటక కేసులో సుప్రీంకోర్టుకు వెళ్లిన మహిళ తీర్పు వచ్చేనాటికి లేరు. తీర్పులో ఆమె పేరు పక్కన మృతురాలు, వారసుల ద్వారా అని ఉంది.