మాస్కో స్కూల్లో 4వ తరగతి మతపాఠం: మేం ఎంచుకున్నది మార్చేశారు, ఏం చేయాలి?

మా బాబు సెప్టెంబరులో 4వ తరగతికి వెళ్తాడు. 2012 నుంచి రష్యా అంతటా ఈ తరగతిలో వారానికో పీరియడ్ మత సంస్కృతుల పాఠం ఉంది. ఆర్థడాక్స్ క్రైస్తవం, ఇస్లాం, బౌద్ధం, యూదు, రష్యా ప్రజల మతాలు, మతంతో సంబంధం లేని నీతిశాస్త్రం: ఈ ఆరింటిలో ఒకటి తల్లిదండ్రులే ఎంచుకోవాలి. మార్చి మీటింగ్‌లో నీతిశాస్త్రం అని రాసి సంతకం పెట్టాను. వారం తర్వాత లిస్టులో మావాడి పేరు పక్కన ఆర్థడాక్స్ అని ఉంది. "నీతిశాస్త్రానికి టీచర్ లేరు, క్లాసంతా ఇదే" అన్నారు స్కూల్ వాళ్లు.

క్లాస్ టీచర్‌ను రెండుసార్లు అడిగాను. ఎంపిక తల్లిదండ్రులదే అని చెప్పే విద్యా చట్టం 87వ ఆర్టికల్ చూపించాను. ఏప్రిల్ 10న ప్రిన్సిపాల్‌కు లెటర్ ఇస్తే ఇప్పటికీ జవాబు లేదు. చర్చి మీద నాకు కోపం లేదు, ఈస్టర్‌కు పక్కింటి బామ్మ ఇచ్చే కులిచ్ (ఈస్టర్ తీపి రొట్టె) అంటే మావాడికి ప్రాణం. కానీ నా సంతకానికి విలువ ఉండాలి కదా!

ఇలా జరిగాక మళ్లీ మార్పించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి: స్కూల్ దాటి ఎవరికి అర్జీ పెట్టారు?